ఎవరి చార్జింగ్ మిగులుతోంది?

ఐదువేల మిల్లీయాంపియర్-అవర్లు. ఇప్పుడు పదీ పదిహేను వేలకు దొరికే చాలా ఫోన్ల పెట్టెలు తిప్పి చూస్తే బ్యాటరీ దగ్గర ఇదే అంకె, లేకపోతే ఇంతకన్నా పెద్దది కనపడుతుంది. దాన్ని 3.85 వోల్టులతో హెచ్చిస్తే 19 వాట్-అవర్ల పైచిలుకు వస్తుంది. ఇక మనిషి మెదడు. ఒంటి బరువులో దాని వాటా రెండు శాతమే. కానీ తిన్న తిండిలోంచి పుట్టే శక్తిలో ఐదో వంతు అదే లాగేసుకుంటుంది. వాట్లలో చెప్పాలంటే ఇరవై. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. పొద్దున నూటికి నూరు నింపుకుని, రాత్రి ఎర్రగీత తగిలేదాకా వాడుకునే ఫోను ఖర్చంతా కలిపితే, దాన్ని పట్టుకున్న మనిషి బుర్ర ఒక గంటలో చేసే ఖర్చు.

ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇలాంటి హెచ్చవేతలు చేసుకుంటూ కూర్చోవడం నాకు కాలక్షేపం. ఈ ఒక్కటి మాత్రం కాలక్షేపంగా మిగల్లేదు. ఫోను శాతం తగ్గుతుంటే మనం పడే ఆరాటం చూడండి. నలభైకి వస్తే చార్జరు కోసం వెతుకులాట, ఇరవైకి వస్తే కంగారు, పదికి వస్తే రైల్లో ముక్కూమొహం తెలియని మనిషిని కూడా 'సీ-పిన్నుందా బాబూ' అని అడిగేస్తాం. బుర్ర ఖర్చుపెట్టే గంటకు శాతం చూపించే గీత ఎక్కడా లేదు. లేదు కాబట్టే ఎవరైనా వచ్చి ఎంతైనా తోడుకుపోవచ్చు.

ఫోనులో చదువుకునేవాళ్లు చార్జింగ్ ఎలా ఆదా చేసుకోవాలన్నది పైకి చూస్తే చిల్లర ప్రశ్న. ఐదు నిమిషాల వీడియో, పది బిట్లు, ఒక వ్యాకరణ సూత్రం, రోజుకో పాఠం. చదువు ఇలా ముక్కలై అరచేతిలోకి వచ్చాక, వెలుతురు తగ్గించుకోండి, లొకేషన్ ఆపుకోండి అని నాలుగు చిట్కాలు చెప్పి ఊరుకోవచ్చు. నాకు చిట్కా దగ్గర ఆగడం చేతకాదు. పొదుపు అనగానే అది ఎవరిది, ఎవరికోసం, మిగిలిందంతా ఎక్కడికి పోతోంది అని అడగాలనిపిస్తుంది.

భూగోళం కోసం అనేవాళ్లున్నారు. ఆ మాట లెక్కకు నిలవదు. చార్జరులో వేడిగా పోయేది కలుపుకున్నా, రోజుకొకసారి నింపితే ఏడాదికి తొమ్మిది యూనిట్లలోపే కాలుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసరు ఆగకుండా తిరిగితే అంత కరెంటును ఆరేడు గంటల్లో తినేస్తుంది. అంటే ఒక్క వేసవి రాత్రి. ఆ ఏసీ గదిలోనే పడుకోబోతూ, ఫోను చార్జరు పీకి ప్రకృతికి మేలు చేశాననుకునే మనిషిని చూస్తే నాకు నవ్వొస్తుంది. అసలు ఖర్చు ఫోను మన చేతికి రాకముందే అయిపోయింది. లోహాలు తవ్వి, చిప్పులు చేసి, తెర అతికించి బయటికి పంపేసరికే, దాని జీవితకాలపు కర్బన భారంలో ఐదింట నాలుగు వంతుల దాకా పూర్తవుతుందని ఐఫోన్ తయారుచేసేవాళ్ల నివేదికలే చెబుతాయి. ఆ లెక్కన భూమికి పనికొచ్చే పొదుపు ఒక్కటే. ఉన్న ఫోనునే ఇంకో రెండేళ్లు వాడటం, బ్యాటరీ చచ్చిపోతే బ్యాటరీ ఒక్కటే మార్పించుకోవడం. ఈ చిట్కా ప్రకటనల్లో ఎందుకు కనపడదో వేరే చెప్పక్కర్లేదు.

మరి రోజువారీ పొదుపు నిజంగా ఎవరికి అవసరం?

నా దగ్గర ఇంటర్ చదివిన ఒక అమ్మాయికి అవసరం. ఊరు చింతపల్లి మన్యం వైపు. విశాఖలో జగదాంబ దగ్గర బట్టల షాపులో పని, ఎన్‌ఏడీ అవతల హాస్టల్లో మకాం, డీఎస్సీకి చదువు. షాపులో పనిలో ఉన్నంతసేపూ ఫోను లాకరులో పెట్టెయ్యాలి. హాస్టల్లో నలుగురుండే గదికి ఒకటే ప్లగ్గు, దానికి వంతులు. చదువుకి దొరికేదల్లా పొద్దునా సాయంత్రం బస్సులో కూర్చున్నంతసేపు, మధ్యాహ్నం క్యారియరు కడిగేశాక మిగిలే కాసేపు. దారిలో ఫోను ఆగిపోతే ఆ రోజుకు చదువు ఆగిపోయినట్టే.

ఆమె ఫోను అడిగి చూశాను. తండ్రి వాడి వదిలేసింది. ఒక మూల గాజు చిట్లింది, చిట్లిన చోట సెల్లోటేపు. తెర వెలుతురు పావు వంతు దగ్గర నిలిపి, దానంతటది పెరగకుండా కట్టడి చేసింది. ఇంటినుంచి వచ్చే కాల్సూ, బ్యాంకు మెసేజీలూ తప్ప ఇంకేదీ మోగదు. రాత్రి హాస్టల్ వైఫైలో మర్నాటికి కావలసిన వీడియోలు, పీడీఎఫ్‌లు దించుకుంటుంది. పొద్దున బస్సెక్కగానే ఫ్లైట్ మోడ్. ఇంతవరకు ఎవరైనా చెప్పేదే. నేను ఆగిపోయింది వాయిస్ రికార్డరు దగ్గర. సైకాలజీ బిట్లన్నీ తన గొంతుతోనే చదివి రికార్డు చేసుకుంది. ప్రశ్న అడుగుతుంది, నాలుగైదు క్షణాలు ఆగుతుంది, జవాబు చెబుతుంది. తెర ఆర్పేసి, ఫోను సంచిలో వేసి, ఒక చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని వింటుంది. నాకూ వినిపించింది. 'కర్రముక్కలు ఒకదానికొకటి తగిలించి అరటిపండు అందుకున్న చింపాంజీ పేరేమిటి?' మౌనం. ఆ మౌనంలో వెనకాల ఎవరో బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు. 'సుల్తాన్. ప్రయోగం చేసినవాడు కోహ్లర్.'

"వీడియో అయితే గంటకి పది పన్నెండు శాతం పోతాది మాస్టారూ. ఇదైతే ఒకటో రెండో," అంది.

నిజమే. ఫోనులో చార్జింగ్ మింగే వాటిలో తెరది ముందువరస. తెర ఆరిపోయి, అప్పటికే దించుకున్న మాట ఒక్కటే చెవిలో పడుతుంటే ఫోనుకు పెద్ద పని లేదు. ఇంత తేలికైన దారి ఉన్నా, జనమంతా పాఠాలు చూసే వేదిక మీద తెర ఆర్పి వినాలంటే నెలనెలా డబ్బు కట్టాలి. కట్టనివాళ్లకు, బొమ్మతో పనిలేకపోయినా సరే, తెర వెలిగి తీరాలి. వెలిగే తెర ముందు కన్ను ఉంటుంది, కన్నున్న చోట ప్రకటన ఉంటుంది. చీకటికి కూడా చందా పెట్టారన్నమాట. ఆ అమ్మాయి తన గొంతుతో ఆ చందా ఎగ్గొట్టింది. ఇందులో ఆమె మిగుల్చుకున్నది బ్యాటరీనా, తన కళ్లనా అని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. రెండూ ఒకే మీట మీద ఉన్నాయి.

నల్లతెర గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను, దాని మీద నమ్మకం మరీ ఎక్కువైంది కాబట్టి. డార్క్ మోడ్ పెడితే బ్యాటరీ మిగులుతుందన్నది ఓఎల్ఈడీ తెరలకే వర్తిస్తుంది. వాటిలో నల్లచుక్క అంటే ఆరిపోయిన చుక్క. చవక ఫోన్లలో ఉండే ఎల్‌సీడీకి వెనకాల దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందు నలుపున్నా తెలుపున్నా దానికి ఒకటే. ఓఎల్ఈడీలోనైనా, తెర వెలుతురు సగానికి లోపుంటే నల్లరంగు మిగిల్చేది సగటున మూడు నుంచి తొమ్మిది శాతమేనని 2021లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచి చెప్పారు. వెలుతురు నిండుగా పెట్టుకునేవాడికే పెద్ద లాభం. పోతే వేలితో యాప్‌లన్నిటినీ పైకి తోసి 'క్లియర్' చేసే అలవాటు. దానివల్ల బ్యాటరీకి ఒరిగేదేమీ లేదని 2016లోనే ఆండ్రాయిడ్ పెద్దలూ, ఆపిల్ పెద్దలూ చెప్పేశారు. అయినా మనవాళ్లు మానలేదు. ఏదో పొదుపు చేశామన్న తృప్తి ఉంటుంది కదా, పోనిద్దాం.

అయితే పొదుపు చేసే యంత్రం వచ్చినప్పుడల్లా వాడకం తగ్గిందా? 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ ఇంగ్లండు బొగ్గు గురించి ఈ ప్రశ్నే వేసుకుని, తగ్గలేదు, పెరిగిందని తేల్చాడు. ఆవిరియంత్రం తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చెయ్యడం మొదలుపెట్టేసరికి, బొగ్గుతో పని చేయించుకునే చోట్లు పెరిగిపోయాయి. మన జేబులోనూ అదే కథ. 2003లో వచ్చిన నోకియా 1100లో ఉన్నది 850 మిల్లీయాంపియర్-అవర్ల బ్యాటరీ. వారానికి ఒకసారో రెండుసార్లో చార్జింగ్ పెట్టేవాళ్లం, పైగా టార్చిలైటు కూడా వేసుకునేవాళ్లం. ఇప్పుడు దానికి ఆరింతల బ్యాటరీ. రోజు గడవడం లేదు. మిగిలినదంతా ఎవరో ఒకరు వచ్చి నింపేశారు. అందుకే చార్జింగ్ ఎలా మిగుల్చుకోవాలి అనే ప్రశ్న వినపడితే, మిగిలితే ఏం చేస్తావు అనే రెండో ప్రశ్న నాకు ముందుకొస్తుంది.

ఇక అసలు విషయం. ముక్కలు ముక్కలుగా చదవడంలోనే ఒక చిక్కుంది, అది తెరలో లేదు. ఫోనులోని రేడియోలో ఉంది. 2009లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 3జీ ఫోన్లను కొలిచి చూశారు. ఏదైనా చిన్న డేటా తెచ్చుకున్నాక రేడియో వెంటనే నిద్రపోదు. ఇంకేమైనా వస్తుందేమోనని పది పన్నెండు సెకన్లు మేలుకునే ఉంటుంది. మామూలుగా చేసే ఒక రాకపోకలో అయ్యే ఖర్చులో అరవై శాతం దాకా ఈ ఎదురుచూపుకే పోతోందని తేలింది. 4జీ, 5జీల్లో ఆ వ్యవధులు మారాయి కానీ, పని అయ్యాక కాసేపు మేలుకుని ఉండే స్వభావం పోలేదు. కాబట్టి వంద బిట్లు ఒకేసారి దించుకుంటే ఒక ఎదురుచూపు. బిట్టుకోసారి నెట్‌లోకి పోతే వంద ఎదురుచూపులు. చదువు ముక్క ఎంత చిన్నదైతే దానికి అంటిపెట్టుకున్న వృథా అంత పెద్దది. ఆండ్రాయిడ్ ఇంజనీర్లు 2015లో ఈ వృథాను తగ్గించడానికే 'డోజ్' అనే ఏర్పాటు తెచ్చారు. ఫోను కదలకుండా పడి ఉంటే, యాప్‌లు ఎప్పుడుపడితే అప్పుడు లేపడానికి వీల్లేదు. అందరి పనులూ పోగుచేసి, అప్పుడప్పుడు తలుపు తీసి, ఒకేసారి కానిచ్చి, మళ్లీ నిద్ర.

సరిగ్గా అదే 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు మనుషుల గురించి ఒక పత్రం రాసింది. ఒక పని పూర్తికాకుండా ఇంకో పనిలోకి వెళ్లిన మనిషి ధ్యాసలో కొంత, వెనక వదిలేసిన పని దగ్గరే ఉండిపోతుందని. రెండు పత్రాలనూ వరసన చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఫోను విషయంలో ఈ వృథాను కనిపెట్టి, ఆరేళ్లలో మందు కనిపెట్టారు. మనిషికి ఆ మందు ఎవరూ ఇవ్వలేదు సరికదా, ఫోనుకు నిద్ర నేర్పిన పరిశ్రమే మనిషిని లేపే గంటలు తయారుచేస్తోంది. 'మీ వరుస తెగిపోతోంది', 'నిన్న రాలేదేం', 'మూడు నిమిషాలు చాలు'. యంత్రానికి దక్కిన మర్యాద మనిషికి ఎందుకు దక్కలేదు? ఫోను వృథా అయితే కొన్నవాడు ఫిర్యాదు చేస్తాడు కాబట్టా? మనిషి ధ్యాస వృథా అయితే అది ఇంకొకరికి రాబడి కాబట్టా?

ఇక్కడ ఒక ఎదురు సాక్ష్యం తెలుగువాళ్ల ఇంట్లోనే ఉంది. దాన్ని పక్కనపెట్టి, అంతరాయం వస్తే మనిషి పని అయిపోయిందని తేల్చెయ్యడం న్యాయం కాదు. అష్టావధానం. ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరి అడిగేవారు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతారు, ఇంకొకరు మధ్యమధ్య గంట కొడుతుంటే అవి లెక్కపెట్టుకోవాలి. ఇది చాలనట్టు అప్రస్తుత ప్రసంగి. పద్యం నోట్లో ఉండగా, 'అవధానిగారూ, మీ ఇంట్లో ఇవాళ కూరేమిటి?' అంటాడు. దానికి కూడా సభ నవ్వేలా జవాబు చెప్పాలి. ఒక్కో ఆవృత్తికి ఒక్కో పాదం, నాలుగు ఆవృత్తులు. ఇంతకన్నా ముక్కలైన పని లోకంలో ఉండదు. తిరుపతి వేంకట కవులు ఇలాంటివి ఎనిమిదితో ఆపకుండా నూటికి తీసుకుపోయి ఊరూరా చేసి చూపించారు.

మరి అక్కడ చెదరని ధ్యాస ఇక్కడెందుకు చెదురుతుంది? అవధాని గొప్పవాడు, మనం కాదు అనేది సోమరి జవాబు. రెండు తేడాలు నాకు కనపడతాయి. మొదటిది, ఆ అంతరాయాలన్నీ ఆయన ఒప్పుకుని కూర్చున్నవి. పృచ్ఛకులెవరో, ఎంతమందో, ఎన్ని ఆవృత్తులో ఆయనకు తెలుసు. తొమ్మిదోవాడు గోడ దూకి వచ్చి అడగడు. రెండోది, చివర్లో ధారణ ఉంటుంది. ముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ ఎత్తుకుని, ఒక్కొక్కటీ మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పాలి. ముక్కలు ఎందుకు చేశారో అక్కడ తెలుస్తుంది. మన చదువు యాప్‌లు పృచ్ఛకులను తెచ్చాయి, అప్రస్తుత ప్రసంగిని ఒకరికి పదిమందిని తెచ్చాయి, ధారణకు మాత్రం వేళ కేటాయించలేదు. పది బిట్లు అయ్యాక చప్పట్లు, మెరుపులు, ఇంకో పది. నిన్నటివీ మొన్నటివీ కలిపి, ఇప్పుడు నువ్వు చెప్పు అని అడిగేవాడు లేడు.

ఇలా అంటే ముక్కల చదువును ఎగతాళి చేసినట్టవుతుందేమో. చెయ్యను. 'గంటలకొద్దీ కదలకుండా కూర్చుని చదివితేనే చదువు' అనే మాట, కూర్చోవడానికి గంటలూ గదీ ఉన్నవాళ్ల మాట. ముక్క కాలాలకు చదువును తీసుకువెళ్లాలన్న ఆలోచన ఫోనుతో పుట్టిందీ కాదు. గుంటూరు జిల్లా కాలువల మీద 1935లో పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయాలు నడిపించారు. పడవలో పోయే రైతులూ కూలీలూ రేవు వచ్చేదాకా ఖాళీగా ఉంటారు కదా, చేతికి పుస్తకం అందిద్దాం అనుకున్నారు. మనిషి దగ్గర ఉన్న కాలం ఏ ఆకారంలో ఉంటే పుస్తకం ఆ ఆకారానికి రావాలన్న మర్యాద అందులో ఉంది. ముక్కలుగా చదవడానికి శాస్త్రం కూడా అండగానే ఉంది. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాలు తనే బట్టీపట్టి, తనే మరిచిపోయి, మరుపు ఏ వేగంతో వస్తుందో లెక్కకట్టి 1885లో అచ్చువేశాడు. ఒకే రోజు రుబ్బడం కన్నా రోజులు విడిచి కొంచెం కొంచెం నెమరువేస్తే ఎక్కువ నిలుస్తుందని అందులోనే తేలింది. డీఎస్సీ సైకాలజీలో అది కూడా ఒక బిట్టే. ఆ అమ్మాయి రికార్డింగులో ఉంది: 'విస్మృతి వక్రరేఖను ప్రతిపాదించినవారు?' బిట్టు ఎందుకు పనిచేస్తుందో చెప్పే శాస్త్రం, బిట్టుగా మారి, అర్థంలేని అక్షరాల పక్కన చేరింది. పాపం ఎబ్బింగ్‌హాస్.

కాబట్టి నా తగాదా ముక్కతో కాదు. ఆ ముక్క ఎప్పుడు రావాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్న దానితో.

పొదుపు అనే మాటను ఫోను మీంచి తీసి మనిషి మీద పెడుతున్నాం కాబట్టి ఇంకొకటి తేల్చుకోవాలి. 'చార్జింగ్ అయిపోయిందిరా' అని మన గురించి మనమే అనుకుంటున్నాం. మనిషి బ్యాటరీయా? ఫోనును పక్కనపెడితే దాని శక్తి మిగులుతుంది, రేపు వాడుకోవచ్చు. మెదడు అలాంటిది కాదు. గట్టి లెక్క చేస్తున్నా, గోడకేసి చూస్తున్నా దాని ఇరవై వాట్లలో మార్పు అయిదు శాతం లోపేనని మార్కస్ రైకిల్ వంటి మెదడు శాస్త్రజ్ఞులు చూపించారు. ఇవాళ వాడని ధ్యాసను డబ్బాలో పెట్టి రేపటికి దాచుకోలేం. ఖర్చు ఎలాగూ అవుతుంది, దేనికన్నదే మన చేతిలో ఉన్నది. అందుకే 'రీల్సు చూస్తే బుర్రకు రెస్టు' అన్న మాట నాకు మింగుడుపడదు. రెస్టు ఎక్కడిది, మీటరు తిరుగుతూనే ఉంది.

ఊరికే కూర్చోవడం కూడా ఖర్చే, కానీ వృథా కాదు. ఎడిన్‌బరోలో మైకేలా డ్యూవర్ బృందం 2012లో ఒక చిన్న ప్రయోగం అచ్చువేసింది. పెద్దవయసువాళ్లకు కథలు వినిపించారు. ఒక కథ విన్నాక పది నిమిషాలు చీకటి గదిలో ఊరికే కూర్చోబెట్టారు. ఇంకో కథ విన్నాక అదే పది నిమిషాలు రెండు బొమ్మల మధ్య తేడాలు వెతికే ఆట ఆడించారు. వారం తర్వాత అడిగితే, ఊరికే కూర్చోవడానికి ముందు విన్న కథే ఎక్కువ గుర్తుంది. మనం ఖాళీ అనుకుని బిట్లతో కుక్కేస్తున్న సందులు, బస్టాపులో నిలబడ్డ కాసేపు, లిఫ్టు కోసం చూసే అర నిమిషం, చదివింది లోపలికి ఇంకే వేళలేమో. ప్రతి సందునూ చదువుతో నింపమనే యాప్, తను పోసిన దాన్ని తనే ఒలకబోస్తోందేమో. ఒక చిన్న ప్రయోగం మీద ఇంత పెద్ద మాట అనకూడదు. అనుమానమైతే ఉంది.

ఆ అమ్మాయి బస్సులో నాలుగు బిట్లు విని ఆపేస్తుందట. ఎందుకమ్మా అని అడిగాను. "సగం దారి దాటాక కిటికీ వైపు సీటు ఖాళీ అవుద్ది. అక్కణ్ణుంచి ఊరికే చూస్తూ కూచుంటాను మాస్టారూ. జవాబులు వాటికవే తిరుగుతుంటాయి," అంది. డ్యూవర్ గురించి చెబుదామని నోటిదాకా వచ్చింది. మళ్లీ అదొక బిట్టు అవుతుందని ఊరుకున్నాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్తే మాత్రం ఆమె లెక్కలన్నీ తారుమారు. ఫోను ముట్టుకోకపోయినా మధ్యాహ్నానికి సగం పోతుంది. దీనికి కారణం చాలామందికి తెలియదు. టవరు దూరమైనకొద్దీ, కొండ అడ్డమైనకొద్దీ, ఫోను గొంతు పెంచి మాట్లాడాలి. సిగ్నల్ తెగిపోతే దాని కోసం పదేపదే గాలించాలి. దొరికిన సిగ్నల్ బలహీనమైతే అదే వీడియో రావడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ రేడియో మేలుకుని ఉండాలి. అంటే అమీర్‌పేటలో టవరు కింద కూర్చున్న కుర్రాడికీ, మన్యంలో గుట్టెక్కి నిలబడ్డ కుర్రాడికీ పాఠం ఒకటే, దానికి బ్యాటరీలోంచి కట్టే ధర ఒకటి కాదు. దూరంగా ఉన్నవాడే ఎక్కువ కట్టాలి. చవక ఫోను కొన్నవాడికి నల్లతెర పొదుపు దక్కదు. నెలకింతని కట్టలేనివాడికి తెర ఆర్పే హక్కు లేదు. పొదుపు చిట్కాలన్నీ ఇప్పటికే కొంత ఉన్నవాడి దగ్గరకే చేరుతున్నాయి. 2020లో బడులు మూసినప్పుడు తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల మీద పాఠాలు ప్రసారం చేశారు. ప్రసారంలో ఉన్న సుగుణం ఏమిటంటే, పాఠం ఒక్కసారే గాలిలోకి వెళ్తుంది, వెయ్యిమంది చూసినా లక్షమంది చూసినా పంపేవాడి ఖర్చు పెరగదు. దూరంగా ఉన్నవాడు గొంతు పెంచి అడుక్కోనక్కర్లేదు. దాని లోపాలు దానికున్నాయి, ఆపి మళ్లీ వినలేం, ప్రశ్న అడగలేం. అయినా పాఠం ఒక్కొక్కరు విడివిడిగా లాక్కోవలసిన వస్తువుగానే ఎందుకుండాలి? పక్కవాడి ఫోనులోంచి బ్లూటూత్‌లో తీసుకునేలా, ఒకసారి దించుకుంటే నెట్ ఊసెత్తకుండా నడిచేలా యాప్ చెయ్యడం అసాధ్యమేమీ కాదు. చెయ్యకపోవడానికి కారణాలు ఇంజనీరింగువి కావు.

ఇంతా అన్నాక నా మీద నాకే ఒక అనుమానం. ఆ అమ్మాయి ఫ్లైట్ మోడ్‌ను నేను మెచ్చుకుంటున్నాను. కొండ మీద రిసార్టులో వేలు పోసి, రెండురోజులు ఫోను తాళం వేయించుకుని, 'డిజిటల్ డిటాక్స్' అని చెప్పుకునేవాళ్లూ అదే పని చేస్తున్నారు. మీట ఒకటే. ఒకరు నొక్కింది విసుగొచ్చి, ఒకరు నొక్కింది పద్నాలుగు శాతమే మిగిలి. లేమిలోంచి పుట్టిన క్రమశిక్షణను చూసి వ్రతమని దండం పెట్టడం మనకు పాత అలవాటు. దీపస్తంభం కింద చదివిన మహనీయుల కథలు చెప్పుకుని, ఇంటికి దీపం ఎందుకు లేదని అడగడం మరిచిపోయిన జాతి మనది. ఆమె పొదుపులో తెలివి ఉంది, అది మెచ్చుకోవలసిందే. కానీ ఆ తెలివి ఒక ప్లగ్గు దగ్గర వంతు కోసం ఖర్చవుతోంది. ఇరవై వాట్లలో ఎంత భాగం శాతాలు లెక్కపెట్టుకోవడానికే పోతోందో?

పరీక్ష దగ్గరపడిన రోజుల్లో కలిసినప్పుడు అడిగాను. "రేపు ఉద్యోగం వచ్చి, మంచి ఫోను కొనుక్కుంటే ఈ పద్ధతులన్నీ అలాగే ఉంచుతావా అమ్మా?"

కాసేపు ఆలోచించింది.

"ఉద్యోగం వస్తే ముందు నాకంటూ ఒక గదుండాలి మాస్టారూ. అందులో మంచం పక్కన ప్లగ్గుండాలి. ఆ తర్వాత ఏది ఆపాలో ఏది ఉంచాలో ఆలోచిస్తాను. ఇప్పుడు ఆలోచించి ఆపినవి కావు కదా ఇవి."